ఎర్ర ఇటుక, బూడిద ఇటుక, ఏఏసీ బ్లాకు: హైదరాబాద్‌లో ఇంటి గోడకు ఏది మేలు?

హైదరాబాద్‌లో సొంతిల్లు మొదలుపెట్టినవాళ్లకు పిల్లర్లు లేచేలోపే ఒక ప్రశ్న ఎదురవుతుంది: గోడలకు ఏ ఇటుక వాడాలి? మేస్త్రీ ఎర్ర ఇటుకే అంటాడు. ఇంజినీరు ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలతో తేలిగ్గా చేసిన కాంక్రీట్ బ్లాకులు పెట్టమంటాడు. పక్క ప్లాటు ఓనరు విద్యుత్ కేంద్రాల బొగ్గు బూడిదతో చేసే బూడిద ఇటుక చాలు, డబ్బులు మిగులుతాయంటాడు. ముగ్గురూ మాట్లాడేది ధర గురించీ బలం గురించే. వాటికంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. ఆ ఇటుక చేసేవాళ్ల వ్యాపారం ఎలా నడుస్తుంది, ఖర్చు ఎక్కడ తగ్గించుకుంటే వాళ్లకు లాభం? ఇటుకలో లోపం చాలావరకు అక్కడే పుడుతుంది.

బలం సంగతి ముందే తేల్చేద్దాం. ఇప్పుడు నగరంలో కట్టే ఇళ్లన్నీ దాదాపు పిల్లర్ల మీద లేచేవే. స్లాబు బరువును బీములు, పిల్లర్లు మోస్తాయి, గోడ తన బరువు తాను మోస్తే చాలు. ఎర్ర ఇటుకకు భారతీయ ప్రమాణం అడిగే కనీస బలం చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్లు. మంచి ఏఏసీ బ్లాకు 4 దాకా ఇస్తుంది. కాబట్టి "బ్లాకులు మెత్తగా ఉంటాయి, ఇల్లు నిలవదు" అనే భయానికి పిల్లర్ల ఇంట్లో ఆధారం లేదు. పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేస్తే మాత్రం లెక్క వేరు. అక్కడ బాగా కాలిన ఇటుకకే నా ఓటు, అదీ ఇంజినీరు చూసి సరేనన్నాకే.

ఇక ఎర్ర ఇటుక. చెరువు మట్టి, ఒండ్రు మట్టి, ఊక, బొగ్గు, ఎండ, మనిషి చెయ్యి కలిస్తే ఎర్ర ఇటుక. 1858లో జర్మనీలో హాఫ్‌మన్ ఆగకుండా కాలే బట్టీకి పేటెంటు తీసుకున్నాడు. 1876 ప్రాంతంలో బుల్ అనే ఆంగ్ల ఇంజినీరు దాన్ని తక్కువ ఖర్చుతో, పొడవాటి కందకంలా కట్టే పద్ధతి తెచ్చాడు. ఉత్తర భారతమంతా అదే పాకింది. మన వైపు చిన్న వ్యాపారులు ఎక్కువగా పచ్చి ఇటుకలను కుప్పగా పేర్చి, మధ్యలో ఇంధనం పెట్టి కాల్చే పాత పద్ధతిలోనే ఉండిపోయారు. ఆ కుప్పలో మంట దగ్గరివి నల్లగా మాడతాయి, అంచుల్లోవి సగం కాలి లేత రంగులో మిగులుతాయి. ఇంధనమే పెద్ద ఖర్చు కాబట్టి, దాన్ని కాస్త తగ్గిస్తే లాభం పెరుగుతుంది, సగం కాలినవీ పెరుగుతాయి. లోడులో అవన్నీ కలిసే వస్తాయి. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి చూడండి, ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. నాలుగడుగుల ఎత్తు నుంచి వదిలితే ముక్కలు కాకూడదు.

ఎర్ర ఇటుక ధరలో కనపడని మరో భాగం ఉంది. తెలంగాణ బట్టీల్లో పచ్చి ఇటుకలు కొట్టేవాళ్లలో చాలామంది ఒడిశాలోని బలంగీర్, నువాపడ వంటి జిల్లాల కుటుంబాలు. అక్కడ నువాఖాయి పండగ అయ్యాక కూలీలను కుదిర్చే సర్దార్లు అడ్వాన్సు చేతిలో పెడతారు. భార్యాభర్తలు, పిల్లలు కలిసి వచ్చి, వానలు పడేదాకా ఆ అప్పు తీరేలా ఇటుకలు కొడతారు. కూలీ లెక్క వెయ్యి ఇటుకలకు ఇంత అని. వెట్టిచాకిరీ కింద అధికారులు ఈ బట్టీల నుంచి కుటుంబాలను విడిపించిన సందర్భాలు పలుమార్లు బయటికొచ్చాయి. పిల్లల కోసం కొన్ని జిల్లాల్లో బట్టీల దగ్గరే బడులు పెట్టారు, అది మంచి పని. కానీ ఎర్ర ఇటుక చవగ్గా దొరికిన ప్రతిసారీ ఆ తగ్గిన ధర ఎవరి ఒంటి మీద పడిందో ఆలోచించకుండా ఉండలేను. మట్టి కూడా తరగని వస్తువేమీ కాదు, పొలం పైపొర ఒకసారి పోతే మళ్లీ రావడానికి తరాలు పడుతుంది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ బట్టీలన్నీ తక్కువ బొగ్గుతో, తక్కువ పొగతో కాలే జిగ్‌జాగ్ లేదా నిలువు పద్ధతికి, లేకుంటే పైపు గ్యాసుకు మారాలని గడువు పెట్టింది. ఆ మార్పుకు పెట్టుబడి కావాలి, చిన్న బట్టీలకు అది భారమే.

బూడిద ఇటుక కథలో మనం గర్వపడాల్సిన భాగం ఉంది. బూడిద, సున్నం, జిప్సం కలిపి, కాల్చకుండానే గట్టి ఇటుక చేసే 'ఫాల్-జి' పద్ధతిని అభివృద్ధి చేసింది విశాఖపట్నానికి చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్. పేటెంటు పేరుతో తలుపులు మూసుకోకుండా చిన్న వ్యాపారులకు నేర్పారు. అందుకే ఇది ఊరూరా పాకింది. రెండో ఊపు చట్టం నుంచి వచ్చింది. మన బొగ్గులో బూడిద మూడో వంతుకు పైనే, దాన్ని ఎక్కడ పోయాలన్నది విద్యుత్ కేంద్రాలకు పెద్ద సమస్య. 1999లో కేంద్రం థర్మల్ కేంద్రాల చుట్టూ 50 కిలోమీటర్లలో ఇటుకల తయారీకి బూడిద వాడాలంది. 2003లో అది 100, 2016లో 300 కిలోమీటర్లయింది. రామగుండం నుంచి చూస్తే ఆ చివరి అంకెతోనే హైదరాబాద్ ఈ గీత లోపలికి వచ్చింది.

ఈ వ్యాపారం మొదలుపెట్టడం తేలిక. ఒక షెడ్డు, ఒక హైడ్రాలిక్ ప్రెస్, మిక్సర్, నీళ్లు ఉంటే చాలు. డబ్బు ఆగేది రెండు చోట్ల. ఒకటి సిమెంట్ లేదా సున్నం, రెండోది క్యూరింగ్. ప్రెస్ నుంచి దించిన ఇటుకను మూడు వారాలు తడుపుతూ ఉంచాలి. అన్నాళ్లూ సరుకు అమ్ముడుపోక యార్డులోనే పడి ఉంటుంది, పెట్టుబడి ఇరుక్కుపోతుంది. అప్పుల టెన్షన్‌లో ఉన్న యజమాని వారానికే లోడు ఎత్తేస్తే ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు, కానీ ఆ ఇటుక మీ గోడలోకి రాకూడదు. కొన్నిచోట్ల రాళ్లు పిండిచేసే క్రషర్ల దగ్గర చవగ్గా దొరికే డస్ట్ ఎక్కువ వేసి, సిమెంట్ తగ్గించి, బూడిద ఇటుక పేరుతో అమ్ముతారు. అలాంటివి అంచులు రాలిపోతాయి. తేలిక పరీక్ష ఒకటుంది. ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. 3 కిలోల ఇటుక 3.6 కిలోలు దాటకూడదు. ప్రమాణం ఒప్పుకునే నీటి పీల్పు 20 శాతమే. మామూలు ఎర్ర ఇటుకకూ ఇదే హద్దు.

ఏఏసీ బ్లాకు పుట్టింది 1920ల్లో స్వీడన్‌లో, యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ అనే ఆర్కిటెక్టు చేతుల్లో. మన నగరానికీ దీనికీ ఒక లంకె ఉంది. 1946లో ఇక్కడ ఆస్‌బెస్టాస్ సిమెంట్ కంపెనీగా మొదలై, చార్మినార్ రేకులతో ఊరూరా పేరు తెచ్చుకున్న హైదరాబాద్ ఇండస్ట్రీస్, తర్వాత ఏరోకాన్ పేరుతో ఈ బ్లాకులు తెచ్చింది. బూడిద, సిమెంట్, సున్నం, జిప్సం కలిపిన ముద్దలో చిటికెడు అల్యూమినియం పొడి పడితే హైడ్రోజన్ బుడగలు పుట్టి, ముద్ద ఇడ్లీ పిండిలా పొంగుతుంది. తీగలతో కోసి, ఆటోక్లేవ్ అనే పెద్ద ఇనుప గదిలో 180 డిగ్రీలు దాటిన ఆవిరిలో గంటల తరబడి ఉంచుతారు. తేలిక ఇటుక మనకు కొత్త కాదు. 1213లో కట్టిన రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు, కింద బరువు తగ్గాలన్న అదే ఆలోచన.

ఈ వ్యాపారంలో పెట్టుబడి భారీ. ఆటోక్లేవ్ పెట్టాక, బ్లాకును సగం ఉడికించి అమ్మితే కంపెనీకి మిగిలేది తక్కువ, పోయే పేరు ఎక్కువ. అందుకే ఫ్యాక్టరీ సరుకు కొలతలో, నాణ్యతలో ఒకే తీరుగా ఉంటుంది. లోపం సైటులో పుడుతుంది. మేస్త్రీ పాత అలవాటుతో మందంగా మాలు వేస్తాడు, బ్లాకును నీళ్లలో నానబెడతాడు, ఎలక్ట్రీషియన్ ఉలితో గాడి కొడతాడు. ఆ తర్వాత ప్లాస్టరింగ్ మీద వెంట్రుక పగుళ్లు. బ్లాకులకు 3 మిల్లీమీటర్ల జిగురు మాలే వాడాలి, పైన కాస్త తడి చల్లితే చాలు. పిల్లరు, గోడ కలిసేచోట ప్లాస్టరింగ్ కింద సన్న వైరు జాలీ వేయాలి, గాడి కటర్‌తోనే కోయాలి.

ధర పోల్చేటప్పుడు ఇటుక రేటును బ్లాకు రేటుతో పోల్చకండి, ఘనమీటరు గోడను లెక్కవేయండి. 9×4×3 అంగుళాల ఇటుకలైతే సుమారు 445 పడతాయి, పైగా గోడలో ఐదో వంతుకు పైగా సిమెంట్, ఇసుక మాలే. 600×200×200 మిల్లీమీటర్ల బ్లాకులు 41 చాలు. అంటే ఒక బ్లాకు 11 ఇటుకల చోటు నింపుతుంది, పొడిగా ఉంటే సుమారు 15 కిలోలు ఉంటుంది, ఆ 11 ఇటుకలు 30 కిలోలు దాటతాయి. ఈ తేడాకు స్టీలులో కలిసొచ్చేది ఎంతో స్ట్రక్చరల్ ఇంజినీరును అడిగి, డిజైన్ అయ్యేలోపే తేల్చుకోవాలి. పిల్లర్లు పోశాక బ్లాకులకు మారితే ఆ లాభం రాదు. వేడి విషయంలో పోటీ లేదు: ఏఏసీ గుండా వేడి ఎర్ర ఇటుకతో పోలిస్తే మూడో వంతు, నాలుగో వంతు మాత్రమే దాటుతుంది. మే నెలలో పడమటి గోడ ఉన్న బెడ్రూంలో పడుకున్నవాళ్లకు దాని విలువ చెప్పక్కర్లేదు.

నా తీర్పు ఇది. మూడంతస్తులు దాటినా, పడమటి ఎండ నేరుగా పడినా, ఏఏసీ పని తెలిసిన మేస్త్రీ దొరికినా బ్లాకులకే వెళ్లండి. 150, 200 గజాల్లో ఒకటి రెండు అంతస్తుల ఇల్లు, అలవాటైన పాత మేస్త్రీ అయితే బూడిద ఇటుక మేలు, కానీ యార్డు చూడకుండా కొనకండి. ఎర్ర ఇటుకను పూత లేకుండా ఇటుక కనిపించే గోడలకు, గోడల మీదే నిలిచే చిన్న గదులకు ఉంచుకుంటాను. అదీ మనుషులను సరిగ్గా చూసుకునే బట్టీ అని తెలిస్తేనే.

యార్డుకు వెళ్లినప్పుడు ఆఫీసులో కాక వెనక స్టాకు దగ్గర నిలబడి మాట్లాడండి. ఇటుకలు తడిగా ఉన్నాయా, కుప్పల మీద ప్రెస్ తేదీ రాశారా చూడండి. మీ లోడు ఏ కుప్ప నుంచి వస్తుందో అడిగి, ఆ తేదీని బిల్లు మీద రాయించుకుని అప్పుడే అడ్వాన్సు ఇవ్వండి.