హన్మకొండ నుంచి కారులో ఉత్తర తెలంగాణ చుట్టేసి వచ్చినం: రామప్ప, బొగత, కాళేశ్వరం, కుంటాల, అంకాపూర్

ఈసారి దసరా సెలవులకు ఊటీలు, అరకులు పక్కన పెట్టి మన దిక్కే తిరుగుదామని కారు తీసినం. హన్మకొండల బయలుదేరి ములుగు, ఏటూరునాగారం, కాళేశ్వరం, మంచిర్యాల, ఉట్నూరు, నిర్మల్, బాసర, ఆర్మూర్, జగిత్యాల, కరీంనగర్ చూసుకుంట మళ్లీ ఇంటికి. కార్ల నేను, మా ఆమె, చిన్నోడు, అమ్మ, బావ. బావ నేను మార్చి మార్చి నడిపినం. అమ్మకు మోకాళ్లు నొస్తయి, చిన్నోడికి మలుపుల రోడ్డు తగిలితే కడుపుల తిప్పుతది, అందుకే కారు దిగినంక ఎంత నడవాలె, బాత్రూం ఎట్లున్నది, మూడు దాటినంక అన్నం దొరుకుతదా అనే లెక్కలే ఇక్కడ ఎక్కువ రాస్తున్న, ఫొటోలు చూసి పోయేటోళ్లకు ఇవి ఎవ్వరు చెప్పరు.

ములుగు రోడ్డు 163 నంబర్ నేషనల్ హైవే, పొద్దుగాల ఆరింటికి ఎక్కితే ఎంత హాయిగ ఉంటదో. ములుగు రాకముందు గట్టమ్మ తల్లి దగ్గర అందరు ఆగుతరు, మేడారం పోయేటోళ్లు ముందు ఇక్కడ మొక్కుకునే పోతరు, లారీ డ్రైవర్లు కూడా దిగి కొబ్బరికాయ కొట్టి మళ్లీ ఎక్కుతరు. అమ్మ దిగకుండ ఊకోదు గద, దిగినం. ట్యాంకు మాత్రం ములుగులనే ఫుల్ చేయించుకోండి, అటెనక బంకులు ఉన్నయి గానీ అడవిల ముల్లు కిందికి దిగుతుంటే కార్ల అందరు దాన్నే చూస్తుంటరు, మాట్లాడుకునుడు బంద్ అయితది.

జంగాలపల్లి క్రాస్ కాడ తిరిగి రామప్పకు పోయినం. ఇక్కడ ఒక్కటే మాట, తొమ్మిది లోపల పోండి. చెప్పులు బయట ఇడిసి నడవాలె, మధ్యాహ్నం బండల మీద అరికాళ్లు అంటుకుంటయి. ఇంకోటి, గైడ్‌ను పెట్టుకోండి. ఇంతకుముందు ఊకె చుట్టు తిరిగి వచ్చేటోళ్లం, ఈసారి గైడ్‌తోని తిరిగితే వేరే గుడికి పోయినట్టే అనిపించింది. స్తంభాల మీద నుంచి చూరు దాకా ఏటవాలుగ నిలబడ్డ మదనిక బొమ్మలు ఉన్నయి గద, అవి నల్లరాయి, ఇనుములెక్క నునుపు. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు ఉంటయి, మా ఆమె దాని దగ్గరనే చానసేపు నిలబడ్డది. గైడ్ టార్చి కొట్టి చూపించిండు, ఒక చెక్కడంల సందులు ఎంత సన్నగ ఉన్నయంటే సూది తప్ప ఏది పోదు. 1213ల గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిండు, కట్టనీకి నలభై ఏండ్లు పట్టిందంటరు, 2021 జూలైల యునెస్కో లిస్టుల ఎక్కింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లల్ల తేలుతయని, పునాదిల ఇసుక నింపి దాని మీద కట్టిండ్రని చెప్తే చిన్నోడు "మరి ఇసుక జారిపోదా" అని అడిగిండు, గైడ్ మస్తు ఓపికతోని చెప్పిండు పాపం. అమ్మకు కష్టమైంది ఒక్కటే, అరుగు మీదికి ఎక్కే మెట్లు ఎత్తు ఎక్కువ, పట్టుకోనీకి ఏమి ఉండదు, బావ చెయ్యి పట్టి ఎక్కించిండు.

లక్నవరం గురించి ఎక్కువ చెప్ప. చెరువు కాకతీయులది, వేలాడే బ్రిడ్జి బాగుంటది, ఆదివారం పోతే బ్రిడ్జి మీద చెరువు కంటే జనమే ఎక్కువ కనపడ్తరు. మేము పోయింది వారం మధ్యల గాబట్టి బోటు కూడా దొరికింది. అన్నం మాత్రం అక్కడ కాకుండ చల్వాయి దిక్కు రోడ్డు మీద చిన్న హోటల్ల తిన్నం, పప్పు, వంకాయ, పచ్చిపులుసు, అమ్మ రెండోసారి అన్నం పెట్టించుకున్నది అంటే అర్థం చేసుకోండి.

పస్రా దాటినంక అడవి. తాడ్వాయి దాకా రెండు దిక్కుల చెట్లే, సిగ్నల్ వస్తది పోతది, అందుకే మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలె. రాత్రి తాడ్వాయిల ఫారెస్టోళ్ల హట్స్‌ల ఉన్నం. ఏసీ రిసార్టు అనుకోని పోతే నిరాశనే, ఉన్నదాంట్ల శుభ్రంగ పెట్టిండ్రు, దుప్పట్లు ఉతికినవి, బకెట్ల వేడినీళ్లు తెచ్చి పెట్టిండ్రు. తెల్లారి లేస్తే పిట్టల అరుపులకు చిన్నోడు ఫోన్ అడగలే, నాకు అదే పెద్ద విషయం.

బొగత జలపాతానికి ఏటూరునాగారం పోయి, గోదావరి మీద ముల్లకట్ట బ్రిడ్జి దాటి వాజేడు దిక్కు పోవాలె. ఆ బ్రిడ్జి లేనప్పుడు చుట్టు తిరిగి పోయేటోళ్లు, ఇప్పుడు వరంగల్ నుంచి పొద్దున పోయి సాయంత్రం రావొచ్చు. బ్రిడ్జి మీద ఆగి ఫొటోలు దిగకండి, ఇసుక లారీలు ఏ స్పీడ్‌ల వస్తయో తెల్వది. జలపాతం కాడ పార్కింగ్ నుంచి నడక ఎక్కువ లేదు, దారి చదునుగనే ఉన్నది, అమ్మ కూడా నడిచింది. నీళ్లు ఇంకా మస్తు ఉన్నయి, వెడల్పుగ నురుగు కక్కుకుంట పడుతున్నయి, తుంపర మొఖం మీదికి వస్తది. వాన ఎక్కువున్న రోజుల్ల నీళ్లల్లకు దిగనియ్యరు, దాని మీద కోపం చేసేటోళ్లను చూసిన, గార్డు మాట వినుండ్రి. ఎండకాలం మాత్రం పోకండి, సన్నటి ధార చూసి వస్తరు. కోతులతోని జాగ్రత్త, మా ఆమె చేతిల సకినాల ప్యాకెట్ గుంజుకపోయింది, చెట్టెక్కి మా మొఖం చూసుకుంట తిన్నది.

మేడారంల జాతర లేనప్పుడు పోతే గద్దెల కాడ నిమ్మళంగ నిలబడొచ్చు. జాతర అయితే రెండేండ్లకు ఒక్కసారి, అప్పుడు కారు వేసుకోని పోవుడు కంటే ఆర్టీసీ బస్సే మేలు, పార్కింగ్ నుంచి నడిచేదే కిలోమీటర్లు ఉంటది. అమ్మ బంగారం, అంటే బెల్లం, ఇచ్చి మొక్కుకున్నది. అక్కడి నుంచి వెనక్కి రాకుండ నార్లాపూర్, గొల్లబుద్ధారం మీదుగ భూపాలపల్లి తేలినం, సన్న రోడ్డు, బర్రెలు, మేకలు, మలుపులు. చిన్నోడి కడుపు ఇక్కడనే తిరిగింది. నిమ్మకాయ, ప్లాస్టిక్ కవర్లు, తడి గుడ్డ ముందల సీటు కిందనే పెట్టుకోండి, డిక్కీల పెడితే ఏం లాభం.

భూపాలపల్లి నుంచి కాళేశ్వరం దాకా మాత్రం డ్రైవింగ్ ఓపికకు పరీక్షనే. అటు బొగ్గు లారీలు, ఇటు ఇసుక లారీలు. తడి ఇసుక నుంచి నీళ్లు కారుకుంట పోతుంటయి, ముందల లారీ వెనక పడితే అద్దం మీద బురద చుక్కలు, వైపర్ వేస్తే ఇంకా పూసుకుంటది. వైపర్ నీళ్లు నింపుకోని పోండి. ఓవర్‌టేక్ చేద్దామంటే ఎదురుంగ ఇంకో లారీ. చీకటి పడ్డంక ఈ రోడ్డు మీద నేనైతే నడప.

కాళేశ్వరంల రూం ముందుగాల ఫోన్ల మాట్లాడుకున్నం. పేరు ఎందుకు గానీ, ఫోన్ల "గీజర్ ఉన్నది సార్" అన్నడు, పోయి చూస్తే గోడకు గీజర్ ఉన్నది, వైరు లేదు. వెస్టర్న్ కమోడ్ ఉన్నది, నీళ్లు రావు, మగ్గుతోని పోసుకోవాలె. అమ్మకు కింద కూసునుడు కాదు గాబట్టి కమోడ్ ఉన్న రూమే కావాలె, వేరే దారి లేక ఉన్నం. డబ్బులు మాత్రం సెలవుల రేటని రెట్టింపు. మీరు పోతే రూం లోపల నల్లా తిప్పి చూసినంకనే అడ్వాన్స్ ఇయ్యండి.

గుడి మాత్రం ఆ చికాకు అంత తీసేసింది. ఒకటే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు ఒకటి, ముక్తేశ్వరుడు ఒకటి. కాళేశ్వరుడంటే యముడు, ముందు ఆయనకు పూజ చేసినంకనే శివుడికి చేస్తరు. ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలు ఉంటయి, అండ్ల పోసిన నీళ్లు గోదావరి ప్రాణహిత కలిసే కాడికి పోతయని నమ్మకం. పొద్దున పోతే అభిషేకం దగ్గర కూసోని చేసుకోవచ్చు, తోపులాట లేదు. ఘాట్ కాడ ప్రాణహిత నీళ్ల రంగు, గోదావరి నీళ్ల రంగు వేరు వేరుగ కొంత దూరం దాకా కనపడ్డయి, బావ అక్కడనే కూసున్నడు, లేపితే గానీ లేవలే. మేడిగడ్డ బ్యారేజీ దిక్కు పోలేదు, 2023 అక్టోబర్ల పిల్లర్లు కుంగినప్పటి సంది ఆ ముచ్చట ఎత్తితే మా ఇంట్ల రాజకీయం మొదలైతది.

మంథని, గోదావరిఖని మీదుగ మంచిర్యాల. ఆ రోడ్డు గురించి చెప్పనీకి ఏం లేదు, బాగుంది. మంచిర్యాలల హోటల్ రూం మొత్తం టూర్ల బెస్ట్, లిఫ్ట్ ఉన్నది, కమోడ్ పని చేసింది, కింద టిఫిన్ పొద్దున ఏడింటికే మొదలు. కుటుంబంతోని పోయేటోళ్లు రాత్రి మకాం జిల్లా కేంద్రంలనే పెట్టుకోండి, చూసే జాగల కాడ రూం అని ఆశ పడకండి.

లక్సెట్టిపేట, జన్నారం నుంచి ఉట్నూరు రోడ్డు కవ్వాల్ అడవిల నుంచి పోతది. 2012ల టైగర్ రిజర్వ్ చేసిండ్రు. పులి సంగతి దేవుడెరుగు, జింకలు కనపడ్డయి. టేకు చెట్ల నీడల ఏసీ బంద్ చేసి అద్దాలు దించి పోతుంటే ఈ టూర్ మొత్తంల నాకు ఇష్టమైన డ్రైవింగ్ ఇదే. గంతట్ల వెనక టైరు మెత్తబడ్డది. ఉట్నూరు ఇంకా కొంచెం దూరం ఉన్నది, చిన్న ఊరి మూల మీద రేకుల షెడ్డు, పాత టైరు వేలాడదీసిన పంక్చర్ షాపు. పోరడు ఇరవై ఏండ్లు కూడా ఉండయి. టైరు విప్పకుండనే సబ్బు నీళ్లు చల్లి బుడగలు ఏడ వస్తున్నయో చూసిండు, పటకారుతోని మొల గుంజిండు, ఆకురాయి లెక్క గరుకుగ ఉన్న సూదిని ఆ రంధ్రంల పెట్టి తిప్పి తిప్పి తీసిండు, నల్లటి జిగట స్ట్రిప్‌ను సూది కన్నంల ఎక్కించి ఒక్క పోటు పొడిసి గుంజిండు, మిగిలిన ముక్కను బ్లేడుతోని కోసి మళ్లీ సబ్బు నీళ్లు చల్లి చూపించిండు. పక్కన దోస్తుతోని గోండిల మాట్లాడుతున్నడు, మాతోని తెలుగుల, అప్పుడే ఆగిన ఆటో ఆయనతోని మరాఠీల. నూరు రూపాయలు అన్నడు. మిగిలిన టైర్ల గాలి కూడా చూసి "అన్నా, లోడు ఎక్కువున్నది, వెనక రెండు పాయింట్లు ఎక్కువ పెట్టిన" అన్నడు. సిటీల షోరూంల కూడా ఇట్ల ఎవ్వరు చూసి చెప్పలే నాకు.

ఇంద్రవెల్లిల 1981 ఏప్రిల్ 20 కాల్పుల్ల చనిపోయిన గోండుల స్తూపం రోడ్డు మీది నుంచే కనపడ్తది, ఆగినం. గుడిహత్నూర్‌ల 44 నంబర్ హైవే ఎక్కంగనే లోకం మారిపోతది, నాలుగు లైన్లు, నూరు మీద బండి తెలియకుండనే పోతది, బావ స్పీడ్‌కు అమ్మ వెనక నుంచి "ఓ బిడ్డా, మెల్లగ" అనుడు మొదలు. ఇదే హైవే మీద ఒక టోల్ కాడ మా ఫాస్టాగ్‌ల డబ్బులున్నా మిషన్ చదవలే, క్యాష్ డబుల్ కట్టుమన్నడు. బావ దిగి, ట్యాగ్ మంచిగుండి మీ మిషన్ పని చేయకపోతే పైసలు తీసుకోకుండ జీరో రసీదు ఇచ్చి పంపాలె, రూల్ అదే అని గట్టిగ అడిగితే సూపర్‌వైజర్ వచ్చి గేటు ఎత్తిండు. ఇది గుర్తు పెట్టుకోండి. హైవే మీద ఏమన్న అయితే 1033కి ఫోన్ చేయొచ్చు. ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ 2025 ఆగస్ట్ 15 నుంచి వచ్చింది గద, అప్పుడు 3000 రూపాయలుండె, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. మేము తిరిగిన రూట్ల టోళ్లు తక్కువ, ఈ ఒక్క టూర్ కోసమైతే దండుగ, హైదరాబాద్ తరచు పోయేటోళ్లకు గిట్టుబాటు.

కుంటాల జలపాతానికి నేరడిగొండ కాడ తిరగాలె. కడెం వాగు మీద దాదాపు 150 అడుగుల మీది నుంచి పడుతది, చప్పుడు పార్కింగ్ దాకా వినిపిస్తది. దిగే మెట్లు నాలుగొందల దాకా ఉంటయి, దిగుడు ఏం కాదు, ఎక్కేటప్పుడే అసలు సంగతి. అమ్మ పైననే మక్క కంకి తినుకుంట కూసున్నది. కింద గుండంల దిగొద్దని బోర్డులున్నయి, ప్రాణాలు పోయినయి ఇక్కడ, అయినా బండల మీద సెల్ఫీల కోసం పోరగాళ్లు ఎక్కుతనే ఉన్నరు. పొచ్చెర జలపాతం మాత్రం పెద్దోళ్లు ఉన్నోళ్లు తప్పకుండ చూడాలె, ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, మెట్లు కొన్నే. నన్నడిగితే టైం ఒక్కదానికే ఉంటే పొచ్చెరకే పోత, బావ మాత్రం ఒప్పుకోడు.

నిర్మల్‌ల పొణికి కర్ర బొమ్మలు కొన్నం. చేతుల పట్టుకుంటే బరువే తెల్వది, మామిడికాయ, సీతాఫలం నిజం వాటి లెక్కనే. హైవే మీది దుకాణాల్ల రేట్లు ఎక్కువ చెప్తరు, ఊర్లకు పోయి బొమ్మలు చేసేటోళ్ల సొసైటీల కొనుడు మంచిది. భైంసా, ముధోల్ మీదుగ బాసర పోయినం, అక్షరాభ్యాసాల రద్దీ, క్యూల మూడు గంటలు, దర్శనం అయింది, బయటపడ్డం.

ఆర్మూర్ పక్కన అంకాపూర్. ఇక్కడ నాటుకోడి కోసమే కారు మళ్లించినం, తప్పులేదు. ప్లేటు లెక్క కాదు, కోడి లెక్క. గంట ముందే ఫోన్ చేసి చెప్పాలె, మనం పోయే వరకు కూర తయారై ఉంటది. పల్చటి ఎర్రటి పులుసు, కారం నషాళానికి అంటుతది, కొబ్బరి గసాలు కమ్మగ తగుల్తయి, ముక్క కొరికితే పళ్లకు పని. తినేటప్పుడు కార్ల నుంచి వచ్చిన ఐదుగురం ఒక్క మాట మాట్లాడలే. చిన్నోడికి కారం ఎక్కువైతే పెరుగు వేరే తెప్పించినం. కూసునే జాగలు సాదాగ ఉంటయి, చేతులు కడుక్కునే కాడ ఈగలు, అది తప్పలే. పోయేటప్పుడు రోడ్డు పొంటి కాల్చిన మక్కలు కూడా తీసుకోండి.

కోరుట్ల, జగిత్యాల దాటినంక కొండగట్టు. 2018 సెప్టెంబర్ల ఆర్టీసీ బస్సు పడింది ఈ ఘాట్ రోడ్డు మీదనే, అరవై మందికి పైననే పోయిండ్రు. దిగేటప్పుడు సెకండ్ గేర్ల పెట్టి ఇంజిన్ మీదనే దింపండి, బ్రేకు తొక్కి పట్టుకుంటే వేడెక్కి పట్టదు.

కరీంనగర్ నుంచి హన్మకొండ దాకా నాలుగు లైన్ల పని నడుస్తున్నది, మొత్తం టూర్ల ఘోరమైన రోడ్డు మన ఇంటి ముందలదే. డైవర్షన్ బోర్డు రాత్రి కనపడదు, రేడియం స్టిక్కర్ మీద దుమ్ము, హుజురాబాద్ కాడ ఒక్కసారిగ రోడ్డు సగం అయిపోతది. పని అయ్యేదాకా ఈ ముక్క పగటిపూటనే పెట్టుకోండి, జగిత్యాల నుంచి మధ్యాహ్నం రెండింటి లోపల బయలుదేరితే చీకటి పడకముందే హసన్‌పర్తి తేలుతరు.