పోయేటప్పుడు సరిపోయిన లెక్క

రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే వాటి మధ్య దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ చెప్పే యాప్ ఒకటి నాలుగేళ్లుగా నా ఫోన్‌లో ఉంది. మొదటి ఏడాది దాన్ని అడిగినవారికీ అడగనివారికీ సిఫారసు చేశాను. ఇప్పుడు నా ఫిర్యాదంతా అందులో అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో కనిపించే ప్రయాణ సమయం మీదే.

టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కు దూరం సుమారు 8,800 కిలోమీటర్లు. యాప్ ఆ దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగించి, ఎగరడానికీ దిగడానికీ కలిపి అరగంట చేర్చి, 10 గంటల 17 నిమిషాలని చెబుతుంది. పోయేటప్పుడు ఈ లెక్క ఇంచుమించు సరిపోయింది, నా నమ్మకం బలపడిందీ అక్కడే. తిరుగు ప్రయాణానికి విమానం బయలుదేరే వేళ ఒక్కటే తెలుసుకుని, చేరే వేళను యాప్ లెక్కతో నేనే కట్టుకుని, టోక్యోలో రెండున్నర గంటల వ్యవధి ఉంటుందన్న ధీమాతో, అక్కడి నుంచి మరో ఊరికి రద్దుకు వీలులేని టికెట్టును చౌకగా వస్తోందని ముందే కొనేశాను. తరువాత అసలు టికెట్టు కొనబోతే ప్రయాణం దాదాపు 12 గంటలని కనిపించింది. రెండున్నర గంటల వ్యవధి గంటలోపుకు కుదించుకుపోయింది, ముందు కొన్న టికెట్టు డబ్బు గాలిలో కలిసింది.

నిజానికి అది గాలి చేసిన పనే. పసిఫిక్ మీద ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ చలికాలంలో మరీ ఉద్ధృతంగా ఉంటుంది, ఒక్కొక్కప్పుడు గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. పోయేటప్పుడు వెనుక నుంచి నెట్టిన ఆ గాలే వచ్చేటప్పుడు ఎదురవుతుంది. రానూపోనూ ఒకే సమయం చూపించే యాప్‌కు ఈ సంగతి తెలియకపోవడాన్ని నేను క్షమించగలను. ఆ సమయాన్ని నిమిషాలతో సహా చెప్పడమే నాకు మింగుడుపడదు. "పది, పన్నెండు గంటల మధ్య" అని ఉంటే నేను తొందరపడేవాణ్ణి కాను.

దూరం విషయంలో మునుపు చేసిన పొగడ్తను పూర్తిగా వెనక్కు తీసుకోను. టోక్యో, లాస్ ఏంజెలెస్ దాదాపు ఒకే అక్షాంశంలో ఉన్నా, అతి దగ్గరి దారి ఉత్తరాన అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవుల వైపు వంగుతుందని నాకు మొదట చూపించింది ఈ యాప్ పటమే. అయితే ఆ గీత భూగోళం మీద లెక్కకు తేలే దారే తప్ప, విమానం పోయే దారి కానక్కరలేదు. 2022లో చాలా యూరప్ దేశాల విమానాలకు రష్యా గగనతలం మూతపడ్డాక, అంతకుముందు తొమ్మిదిన్నర గంటలు పట్టే హెల్సింకి (ఫిన్లాండ్), టోక్యో ప్రయాణం చుట్టుదారిలో సుమారు 13 గంటలకు పెరిగింది. యాప్ మాత్రం నేటికీ సైబీరియా మీదుగానే గీత గీసి, తొమ్మిది గంటల పైచిలుకు అంటోంది.

ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ చలికాలంలో, పడమటి దిక్కుగా పసిఫిక్ దాటే నా బోటివాడికి ఈ లోపం పెద్దది. ఉత్తర దక్షిణాలుగానో, కొద్ది దూరాలకో తిరిగేవారికి బహుశా తెలియనైనా తెలియదు. యాప్‌ను తీసెయ్యలేదు. దూరానికీ పటానికీ దాన్నే తెరుస్తున్నాను, చేరే వేళను మాత్రం విమాన సంస్థ ప్రకటించిన వేళల పట్టికలో చూసుకుంటున్నాను.