1776 నాటి అర డాలరు కాంటినెంటల్ నోటు: కొనుగోలుపై సమీక్ష

అమెరికా తొలినాటి కాగితపు డబ్బును సేకరించాలనుకునేవారు మొదట ఏ నోటు కొనాలని అడిగితే, 1776 ఫిబ్రవరి 17 తేదీతో కాంటినెంటల్ కాంగ్రెస్ (పదమూడు అమెరికన్ కాలనీల ప్రతినిధుల సభ) జారీ చేసిన చిల్లర నోట్లలో ఒకటి కొనమంటాను. ఆరో వంతు, మూడో వంతు, అర, మూడింట రెండు వంతుల డాలరు విలువలతో ఫిలడెల్ఫియాలో హాల్ అండ్ సెల్లర్స్ వారు అచ్చువేసిన ఈ నోట్లు ఇప్పటికీ అమ్మకానికి వస్తూనే ఉన్నాయి; ఒక మాదిరి స్థితిలో ఉన్నవి కొన్ని వందల డాలర్లకు దొరుకుతాయి. నేను కొన్నది అర డాలరు నోటు, పాత నోట్ల అసలుతనాన్ని, స్థితిని ధ్రువీకరించే పేపర్ మనీ గ్యారంటీ సంస్థ పరిశీలించి ప్లాస్టిక్ హోల్డర్‌లో భద్రపరిచినది.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆలోచనగా పేరుపొందిన బొమ్మలే దీని ప్రధాన ఆకర్షణ. ముందువైపు ఎండ గడియారం, దాని పక్కన కాలం పరుగెత్తిపోతోందని గుర్తుచేసే లాటిన్ మాట, కింద నీ పని నువ్వు చూసుకొమ్మనే హెచ్చరిక ఉంటాయి. వెనుకవైపు పదమూడు కాలనీల పేర్లు రాసిన పదమూడు వలయాలు గొలుసుగా కలిసి ఉంటాయి, నడుమ 'మేమంతా ఒక్కటే' అన్న ప్రకటన ఉంటుంది. ఇంకా స్వాతంత్ర్య ప్రకటన వెలువడని రోజుల్లో, కూరగాయల బేరానికి చేతులు మారే చిల్లర కాగితం మీద ఈ మాట అచ్చువేయడం నన్ను ఎంతగానో కదిలించింది.

హోల్డర్ పారదర్శకంగా ఉండటం వల్ల నోటును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడవచ్చు. గుడ్డపీలికలతో చేసిన మందపాటి కాగితంలో సన్నని నీలి పోగులు, అక్కడక్కడ అభ్రకపు రేకుల తళుకు స్పష్టంగా కనిపించాయి. దొంగనోట్లను అరికట్టడానికి కాగితంలోనే కలిపిన ఆనవాళ్లివి. క్రమసంఖ్య, సంతకం రెండూ చేతిరాతవే. సిరా గోధుమరంగుకు తిరిగినా కలం ఒత్తిన చోట గీత ఇంకా చిక్కగానే ఉంది. తోలుకాగితంలా పెళపెళలాడే నకళ్లు జ్ఞాపికలుగా విరివిగా అమ్ముడవుతున్నందున, కొత్తవారికి ఈ ధ్రువీకరణ చాలా అవసరం.

నోటు స్థితికి ఆ సంస్థ ఇచ్చే గ్రేడ్ అంకె మాత్రం కథంతా చెప్పదు. 70 వరకు ఉండే కొలతలో నా నోటుకు 25 వచ్చింది, కానీ మడత వెంట చిన్న చీలిక ఉందన్న వ్యాఖ్య లేబుల్ వెనుక ఉంది. విక్రేత తన వివరణలో అంకెను పెద్దగా చూపి, ఆ వ్యాఖ్యను ప్రస్తావించలేదు. అడిగాకే వెనుకవైపు ఫొటో పంపారు. ఇంత పాత కాగితానికి చీలిక సహజమే, దాన్ని ముందే చెప్పకపోవడం మాత్రం సరైన వ్యాపార పద్ధతి కాదు. అందువల్ల వెనుక లేబుల్ ఫొటో చూడనిదే డబ్బు చెల్లించవద్దని గట్టిగా చెబుతున్నాను.

కాంగ్రెస్ అదుపులేకుండా నోట్లు అచ్చువేయడం వల్ల, బ్రిటిష్ వారి దొంగనోట్ల వల్ల ఈ డబ్బు విలువ పడిపోయింది. 1790 చట్టం ప్రకారం నూరు కాంటినెంటల్ డాలర్లకు ఒక డాలరు లెక్కన ప్రభుత్వ బాండ్లు ఇచ్చారు. పెట్టుబడి లాభం కోసం కాక చరిత్ర మీద మక్కువతో కొనేవారికి ఈ నోటు పెట్టిన ధరకు పూర్తిగా న్యాయం చేస్తుంది. దీని తర్వాత అదే తేదీతో వచ్చిన ఒక డాలరు నోటు కొనదలిచాను, ఎందుకంటే దాని వెనుక నిజమైన ఆకు నుంచి తీసిన అచ్చులో ఈనెలు సైతం కనిపిస్తాయి.