ఎంజీబీ రోడ్‌స్టర్: తొమ్మిదేళ్ల జమాఖర్చు

ముందే చెప్పేస్తున్నాను, ఈ బండిని నేను సరదాకి కొనలేదు. లెక్కలు రాయడం నా ఉద్యోగం. డబ్బు ఊరికే పడి ఉంటే నాకు నిద్ర పట్టదు. పాత స్పోర్ట్స్ కార్ల ధరలు ఏటేటా పెరుగుతున్నాయని చదివి చదివి, పదేళ్లు దాచి అమ్మేద్దామన్న లెక్కతో 1968 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే గట్టి పైకప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, కొన్నాను. ముదురాకుపచ్చ రంగు, క్రోమ్ బంపర్లు, స్పోకుల చక్రాలు. కొన్నరోజు నుంచి ప్రతి ఖర్చూ ఒక నోటుపుస్తకంలో రాస్తూనే ఉన్నాను. ఆ పుస్తకం ఇప్పుడు నా పక్కనే ఉంది.

అమ్మినాయన "పూర్తిగా రెస్టోర్ చేయించాను, రెండేళ్లు చేయి పెట్టక్కర్లేదు" అన్నాడు. పెయింటు అద్దంలా ఉంది. నేను ఇంజన్ దగ్గర గంటసేపు నిలబడి, బాడీ చుట్టూ పది నిమిషాలు తిరిగాను. చేయాల్సింది సరిగ్గా దీనికి తిరగేసి. ఈ ఇంజన్ 1798 సీసీ, మొరటుది, దాదాపు ఏ మెకానిక్ అయినా విప్పి బిగించగలడు. బాడీ సంగతి అలా కాదు. ఎంజీబీకి విడిగా చాసిస్ ఫ్రేము లేదు, రోడ్‌స్టర్ కాబట్టి పైకప్పు కూడా లేదు. బండి నడుము వంగకుండా పట్టి ఉంచేవి తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ అనే రేకు పట్టీలు. పైగా బయటి సిల్ తలుపు దగ్గరే ఆగిపోదు, ముందు వింగ్ (చక్రం మీది రేకు) లోపలికీ వెనక వింగ్ లోపలికీ పోతుంది. దాన్ని పద్ధతిగా మార్చాలంటే వింగ్ ఊడదీయాలి, లేదంటే అడుగుభాగం కోయాలి. అంత ఓపిక లేనివాళ్లు తుప్పు పట్టిన సిల్ మీదే కొత్త రేకు తొడిగి, పుట్టీ పెట్టి, రంగు కొట్టేస్తారు.

నా బండికి జరిగింది అదే. నాలుగో నెలలో టైరు మార్చడానికి జాక్ ఎక్కిస్తే ఎడమ తలుపు బిగుసుకుపోయింది. దించితే తెరుచుకుంది, ఎత్తితే మళ్లీ బిగిసింది. బండి మధ్యలో వంగుతోందన్నమాట! వెల్డర్ కోసి చూపిస్తే లోపల మూడు పొరల రేకు ఉంది, అన్నిటికన్నా లోపలిది చేతిలో పొడిపొడిగా రాలింది. రెండు వైపులా సిల్స్, ఫ్లోరు, మళ్లీ రంగు అన్నీ కలిపి ఏడు నెలలు పట్టింది. అయిన ఖర్చు కొన్న ధరలో 45 శాతం. పుస్తకంలో ఆ పేజీకి మూల మడిచి పెట్టాను, ఇప్పటికీ అటు తిప్పబుద్ధి కాదు. ఒక అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి సిల్ పొడవునా జరిపి చూసి ఉంటే అది అంటుకోని చోటల్లా పుట్టీ ఉన్నట్టు తెలిసిపోయేది. రెండు నిమిషాల పని.

రంగు విషయంలోనూ అంతే. "కంపెనీ రంగే" అన్నాడు అమ్మినాయన. బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్ల దగ్గర ఆ కాలపు ఉత్పత్తి రికార్డులున్నాయి, చాసిస్ నంబరు రాసి పంపి, రుసుము కడితే సర్టిఫికెట్ ఇస్తారు. నాది ఫ్యాక్టరీ నుంచి లేత పసుపు రంగులో వచ్చిందట. ఇంజన్ నంబరు సరిపోయింది, అదొక్కటే ఊరట. నిజం చెప్పాలంటే ఎంజీబీలో రంగు మారితే పెద్ద నష్టమేమీ లేదు. 1973 నాటి పోర్షే కరేరా ఆర్‌ఎస్ లాంటి ఖరీదైన బండి కొనేవాడు మాత్రం ఆ ఒక్క కాగితం దగ్గరే భారీగా మునగొచ్చు.

ఇక పెట్టుబడి సంగతి. నేను కొన్న కొన్నేళ్లకి, 2018లో, ఒక ఫెరారీ 250 జీటీఓ వేలంలో 4.84 కోట్ల డాలర్లు పలికింది. 2022లో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హౌట్ కూపే 13.5 కోట్ల యూరోలకు పోయింది. రెండు వార్తలూ చదివి, నా షెడ్డులో ఉన్నదాని విలువ కూడా ఎంతో కొంత లేచి ఉంటుందని లోలోపల మురిసిపోయాను. అక్కడే తప్పులో కాలేశాను. ఆ ఫెరారీలు మొత్తం 36 తయారయ్యాయి. ఆ మెర్సిడెస్ కూపేలు రెండే. ఎంజీబీలు 1962 నుంచి 1980 దాకా, పైకప్పున్న కూపేలతో కలిపి, 5 లక్షలు దాటాయి. పైగా 1988 నుంచి దీనికి సరికొత్త బాడీ కూడా, పాత అచ్చులతోనే నొక్కి, తయారుచేసి అమ్ముతున్నారు. బాడీయే కొత్తది దొరుకుతుంటే కొరత ఎక్కడి నుంచి వస్తుంది? మంచి బండి ధర ఒక హద్దు దాటి పోదు, ఎందుకంటే ఆ హద్దు దాటాక మరొకటి కట్టించుకోవడమే నయం.

అరుదైనవాటికైనా ధరలు పైకి మాత్రమే పోతాయనుకోకండి. 1988లో ఫెరారీ కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ చనిపోయాక జనం ఆ కార్లు ఎగబడి కొన్నారు, 1990 తర్వాత ఆ ధరలు కుప్పకూలాయి. చివర్లో కొన్నవాళ్లు ఆ నష్టాన్ని చాలా ఏళ్లు మోశారు.

కానీ కొరత లేకపోవడమే దీన్ని నడిపేవాడికి వరం. తలుపు రబ్బరు దగ్గర నుంచి గేర్‌బాక్స్ బేరింగ్ దాకా దొరకని పార్టు నాకింతవరకు తగల్లేదు. పనులు కూడా మనమే చేసుకోవచ్చు. రెండు ఎస్‌యూ కార్బొరేటర్ల మూతలు విప్పి చెంచాడు నూనె పోయడం, ఐదు వేల కిలోమీటర్లకోసారి కింగ్‌పిన్‌లకు (ముందు చక్రాలు తిరిగే ఇరుసులకు) గ్రీజు కొట్టడం, వాల్వుల సందు సరిచూడడం... ఇవన్నీ నేర్చుకున్నాను. బ్యాటరీల దగ్గర మాత్రం ఇప్పటికీ తిట్టుకుంటాను. ఆరు వోల్టులవి రెండు, సీట్ల వెనక నేల కింద దాచి పెట్టారు. ఏం ఆలోచించి పెట్టారో!

ఇంకో పాఠం నా నిర్లక్ష్యం వల్ల వచ్చింది. కిలోమీటర్లు పెరిగితే విలువ పోతుందని సిల్స్ పని అయ్యాక రెండేళ్లు బండిని ప్లాస్టిక్ కవరు కింద ఉంచాను. కవరు లోపల చెమ్మ చేరింది, బ్రేకు సిలిండర్లు పట్టేశాయి. బయటికి తీసిన మొదటిరోజే రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఇగ్నిషన్ వేస్తే పెట్రోలు పంపు టిక్ టిక్ మనాలి, చప్పుడే లేదు. కింద దూరి స్పానరుతో ఒక్క దెబ్బ వేస్తే లేచి కూర్చుంది. ఇన్నాళ్లు కదలకపోవడంతో దాని లోపలి కరెంటు పాయింట్లు అతుక్కున్నాయట. అప్పటి నుంచి వారానికోసారి నడుపుతున్నాను.

నడపడం గురించి ఒక్క మాటలో చెప్పలేను. వేగం లేదు, దీనిది 95 హార్స్‌పవరే, ఇవాళ్టి చిన్న కారు కూడా దాటిపోతుంది. స్టీరింగ్ నిలబడి ఉన్నప్పుడు బరువు, కదిలితే తేలిక. నా మోడల్ నుంచి మొదటి గేరుకు కూడా సింక్రో (గేరు కరకరలాడకుండా పడేట్టు చేసే అమరిక) ఉంది, 1967కి ముందువాటికి లేదు. ఓవర్‌డ్రైవ్, అంటే అదే వేగానికి ఇంజన్ నెమ్మదిగా తిరిగేట్టు చేసే అదనపు గేరు, దాని స్విచ్ నొక్కితే ఇంజన్ చప్పుడు ఒక్కసారిగా తగ్గి, గాలి చప్పుడు పైకి వస్తుంది. ఆ క్షణం కోసమే కొన్నిసార్లు అవసరం లేకపోయినా నొక్కుతాను. దీనికి పుస్తకంలో ఏ కాలమూ లేదు.

కొనాలనుకుంటే 1967 తర్వాతిది, ఓవర్‌డ్రైవ్ ఉన్నది, క్రోమ్ బంపర్లది చూడండి. 1974 చివర నుంచి వచ్చిన రబ్బరు బంపర్ల బండ్లు ఎత్తు పెంచినవి, మలుపుల్లో ఒరుగుతాయి, ధర తక్కువ. నిజంగా పెట్టుబడే కావాలంటే 2,591 మాత్రమే తయారైన ఎంజీబీ జీటీ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉన్న కూపే) వెతకండి, అప్పుడు కూడా సిల్స్ చూసే డబ్బివ్వండి.

పోయిన నెల ఒకాయన నా బండి చూడ్డానికి వచ్చాడు. వచ్చీ రాగానే జాక్ ఉందా అని అడిగాడు. తెలివైనవాడు. ఎత్తి చూశాడు, రెండు తలుపులూ వేలితో తోస్తే తెరుచుకున్నాయి. ఒక ధర చెప్పాడు, నేను కొన్నదానికన్నా బాగానే ఎక్కువ. లోపలికెళ్లి పుస్తకం తీసి ఖర్చులన్నీ కూడి చూశాను. ఇన్సూరెన్స్, షెడ్డు అద్దె కలిపితే నా చేతి నుంచి పోయినదానిలో ఆయన చెప్పింది మూడింట రెండు వంతులే. "ఆలోచించి చెప్తాను" అన్నాను. ఇంకా ఫోన్ చేయలేదు.