ర్యాలి యాత్ర సేవ: దర్శనం నిండుగా, వివరణ సగంగా

రాజమహేంద్రవరం నుంచి కోనసీమ ఆలయాలను ఒక్క రోజులో చూపించే యాత్రలను పలు ట్రావెల్స్ సంస్థలు నడుపుతున్నాయి. వాటిలో ఒక సంస్థ, ర్యాలిలోని జగన్మోహినీ కేశవస్వామి ఆలయాన్ని ప్రధానంగా పెట్టుకుని, స్థలపురాణ వివరణ చెప్పే మార్గదర్శిని కూడా వెంట పంపిస్తామని ప్రకటించింది. ఆ వివరణ కోసమే మేము సొంత వాహనం మానుకుని ఆ యాత్రను ఎంచుకున్నాము. కారూ, భోజనమూ ఎవరైనా సమకూర్చగలరు. స్త్రీ పురుష రూపాలు ఒకే శిలలో వెలసిన దేవుడి ముందు నిలబడినప్పుడు ఏం చెప్పాలో తెలిసిన మనిషిని సమకూర్చడమే కష్టం. అందువల్ల ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ వివరణ గురించే ఉంటుంది.

ప్రయాణ ఏర్పాట్ల గురించి చెప్పవలసింది కొంచెమే. వాహనం శుభ్రంగా ఉంది, చెప్పిన వేళకే వచ్చింది. రావులపాలెం దగ్గర పెట్టించిన ఫలహారం బాగుంది. తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కోవడానికి కావలసినంత సమయం ఇచ్చారు. వసూలు చేసిన సొమ్ముకు ఈ సదుపాయాలు న్యాయంగానే ఉన్నాయి.

ఇక ర్యాలి. దాదాపు అయిదడుగుల ఎత్తున్న నల్లని ఏకశిలా విగ్రహం అది. సాలగ్రామ శిల అని భక్తుల విశ్వాసం. ముందు నుంచి చూస్తే శంఖచక్రగదాధారి అయిన కేశవుడు, వెనుక నుంచి చూస్తే జగన్మోహిని. మకరతోరణంలో దశావతారాలూ నారద తుంబురులూ కనిపిస్తారు. స్వామి పాదాల చెంత ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుందని చెబుతారు. అర్చకులు దీపం పట్టి ఒక్కొక్క వివరాన్నీ విడమరచి చూపించడం ఇక్కడి ఆనవాయితీ. ముందువైపు శంఖ చక్రాలను చూపించిన శ్రద్ధతోనే వెనుకవైపు కేశాలంకారాన్నీ, పద్మినీజాతి స్త్రీకి ఉంటుందని చెప్పే పుట్టుమచ్చనూ చూపిస్తారు. ఆ చూపించడంలో బిడియం లేదు, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించడమూ లేదు. రెండు రూపాలలో ఏది అసలు, ఏది వేషం అన్న ప్రశ్నే అక్కడ తలెత్తదు, ఎందుకంటే శిల్పి ఒక రూపాన్ని మరొక రూపానికి ముసుగుగా చెక్కలేదు. ఈ దర్శనం కోసం ఎంత దూరమైనా రావచ్చునని నేను నిస్సంకోచంగా చెబుతాను. ఎదురుగా ఉమాకమండలేశ్వరస్వామి ఆలయం ఉంది. మోహిని వెంటపడి వచ్చిన శివుడు కేశవుడికి ఎదురుగానే కొలువై ఉండడం ఈ క్షేత్రం చెప్పే కథలో సగభాగం కనుక ఆ ఆలయాన్ని కూడా తప్పక చూడాలి.

యాత్రా సంస్థ తరఫున వచ్చిన మార్గదర్శి స్థలపురాణాన్ని చక్కగానే మొదలుపెట్టారు. మోహిని కొప్పులోని పువ్వు ఇక్కడ రాలి పడిందనీ, శివుడు దాన్ని అందుకుని వాసన చూసేసరికి ఎదుట విష్ణువు కనిపించాడనీ చెప్పారు. అప్పుడు మాతో వచ్చిన ఒక కళాశాల విద్యార్థి, "అయితే శివుడు మోహించింది విష్ణువునే కదండీ?" అని మర్యాదగా అడిగాడు. మార్గదర్శి నవ్వేసి, అవన్నీ దేవుడి లీలలు, మనం అలా ఆలోచించకూడదు అని ఆ ప్రశ్నను అక్కడితో తుంచేశారు. తరువాత, ఈ స్వామిని దర్శించుకుంటే ఉద్యోగంలో కోరిన చోటికి బదిలీ అవుతుందన్న ప్రసిద్ధి గురించి చాలాసేపు చెప్పారు. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఎందరో ఆ మొక్కుతోనే వస్తారు. కానీ ఒక కుర్రవాడు సరిగ్గా కథ నడిబొడ్డున వేలు పెట్టి అడిగిన ప్రశ్నను నవ్వుతో కొట్టిపారేయడం, వివరణ పేరుతో సొమ్ము తీసుకున్న సేవలో పెద్ద లోపం.

ఆ నవ్వుకు గ్రంథంలో ఆధారం లేదు. పోతన తెలిగించిన భాగవతం అష్టమస్కంధంలో ఈ కథ విస్తారంగా ఉంది. అమృతం పంచిన మోహిని గురించి విన్న శివుడు పార్వతీ సమేతుడై వచ్చి, ఆ రూపాన్ని తనకూ చూపించమని విష్ణువును స్వయంగా కోరతాడు. చూసి మోహపడతాడు, పార్వతి చూస్తూ ఉండగానే వెంటపడతాడు. ఆ తరువాత జరిగిన దాన్ని సంస్కృత మూలం వర్ణించిన తీరు గమనించదగినది: శివుడు కలవరపడలేదు, సిగ్గుపడలేదు, అది చూసి విష్ణువు ఎంతో సంతోషించి, తన పురుషరూపం ధరించి అతనితో మాట్లాడాడు. సిగ్గు లేదని గ్రంథమే చెబుతూ ఉంటే, ఆ గ్రంథాన్ని చెప్పేవారికి సిగ్గు ఎందుకు? ఈ కలయిక ఫలమని భక్తులు నమ్మే హరిహరసుతుణ్ణి శరణు వేడుతూ ఏటా లక్షలాది తెలుగువారు మాల వేసుకుని శబరిమలకు వెళ్తున్నారు. ఆ విద్యార్థి ప్రశ్నకు అవునన్న సమాధానం ప్రతి శరణుఘోషలోనూ ఉంది. ఆ మాట చెప్పడానికి మార్గదర్శికి అర నిమిషం పట్టేది.

ఇంకొక సంగతి నన్ను మరింత బాధపెట్టింది. దారిలో ఒక కూడలి వద్ద వాహనం ఆగినప్పుడు ఇద్దరు హిజ్రాలు దగ్గరికి వచ్చి చేయి చాచారు. అంతకు ముందు మోహినీ రూపాన్ని పొగిడిన మార్గదర్శే వారిని ఉద్దేశించి వెకిలిగా మాట్లాడారు. వాహనంలో కొందరు నవ్వారు. ఆ క్షేత్రం నుంచి వస్తూ అలా మాట్లాడగలిగారంటే, వివరణ చెప్పేవారి చెవికే ఆ వివరణ ఎక్కలేదని అర్థం. సంస్థ నిర్వాహకులకు ఈ విషయం రాతపూర్వకంగా తెలియజేశాను. తమ సిబ్బందికి మర్యాద నేర్పించవలసిన బాధ్యత వారిదే.

ప్రయాణంలో మాట్లాడుకోవడానికి బోలెడంత సమయం ఉంది, చెప్పడానికి సామగ్రి కూడా తెలుగులోనే ఉంది. భాగవతం నవమస్కంధంలో వైవస్వతమనువు సంతానమైన సుద్యుమ్నుడు ఆడశిశువుగా పుట్టి మగవాడై, శివుడి వనంలో అడుగుపెట్టి మళ్లీ స్త్రీగా మారి, బుధుడి వల్ల పురూరవుణ్ణి కని, చివరికి ఒక నెల పురుషుడిగా, ఒక నెల స్త్రీగా ఉండేలా వరం పొందుతాడు. చంద్రవంశం మొత్తానికి మూలం ఆ తల్లే. తిక్కన విరాటపర్వంలోని బృహన్నల మత్స్యరాజు అంతఃపురంలో ఉత్తరకు నాట్యం నేర్పే గురువు. ఉద్యోగపర్వంలో ద్రుపదుడి కూతురిగా పుట్టి కొడుకుగా పెరిగిన శిఖండికి స్థూణాకర్ణుడనే యక్షుడు తన పురుషత్వాన్ని ఇస్తాడు. ఇవన్నీ ఒకే మాట చెబుతాయని నేను అనను. బృహన్నల రూపానికి మూలం ఊర్వశి శాపం. యుద్ధంలో శిఖండి మీద భీష్ముడు బాణం వేయకపోవడానికి కారణం అతణ్ణి ఇంకా స్త్రీగానే ఎంచడం. అంటే ఆ కథలోనే అంగీకారమూ ఉంది, నిరాకరణా ఉంది. వీటన్నింటికన్నా నాకు ప్రియమైనది వ్యాసభారతం అనుశాసనపర్వంలోని భంగాస్వనుడి కథ. ఇంద్రుడి ఆగ్రహం వల్ల స్త్రీగా మారిన ఆ రాజు, ఇంద్రుడు ప్రసన్నుడై మళ్లీ పురుషత్వం ఇస్తానన్నప్పుడు, తాను స్త్రీగానే ఉంటానని కోరుకుంటాడు. ఇంద్రుడు అంగీకరిస్తాడు. శాపంగా వచ్చిన రూపాన్ని తనదిగా ఎంచుకున్న మనిషి కథ ఇతిహాసంలో ఉండగా, దాన్ని వదిలి బదిలీల గురించి చెప్పుకోవడం నాకు నచ్చలేదు.

చెప్పిన కొద్దిపాటిలో ఒక పొరపాటు కూడా దొర్లింది. తమిళనాడులోని కూవాగం ఉత్సవం గురించి ప్రస్తావిస్తూ, కృష్ణుడు మోహినిగా మారి అర్జునుడి కొడుకు ఇరావంతుణ్ణి (తమిళులకు అరవాన్) పెళ్లాడిన కథ వ్యాసభారతంలో ఉందని మార్గదర్శి చెప్పారు. అది వ్యాసుడి కథ కాదు, తమిళ సంప్రదాయం నిలుపుకున్న కథ. తమిళుల చిత్తిరై నెల పౌర్ణమి ప్రాంతంలో అక్కడి కూత్తాండవర్ ఆలయంలో వేలాది ట్రాన్స్‌జెండర్ మహిళలు అరవాన్ పేరిట తాళి కట్టించుకుని, మరునాడు దాన్ని తెంచి విలపించే ఆచారం ఆ కథ మీదనే నిలిచింది. ఆ మహిళల ఆచారానికి గౌరవం దక్కాలంటే దాన్ని సంస్కృత గ్రంథంలోకి ఎక్కించనవసరం లేదు.

మన నేల మీది ఉదాహరణలు అసలు వినిపించనే లేదు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీరలు కట్టి, నగలు పెట్టుకుని అమ్మవారి వేషాలు వేసి మొక్కు తీర్చుకుంటారు. పాలెగాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మవారే దొర వేషం వేసిందని ఆ జాతర కథ. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా రంగం మీదికి వస్తే చూసినవారు ఆయనను పురుషుడిగా గుర్తించలేకపోయేవారని పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జాతరలో మూడు రోజులు చీర కట్టిన కొడుకును దీవించే తల్లి, నాలుగో రోజున కూడా అతడు చీరలోనే ఉంటానంటే ఇంట్లో ఉండనిస్తుందా అన్నది వేరే ప్రశ్న. సంప్రదాయం తెరిచిన తలుపు సమాజం తెరిచినట్టు కాదు. 1919లో నిజాం రాజ్యంలో వచ్చిన చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరులోకి ఎక్కించి, ఆడ దుస్తుల్లో వీధిలో ఆడిపాడితే వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఇచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది 2023 జూలైలో. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించిన 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు అరవాన్ కథను ప్రస్తావించింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూడరాదన్న తీర్పు 2018లో వచ్చింది. వివాహ హక్కు కోరిన పిటిషన్లను మాత్రం 2023 అక్టోబరులో అదే కోర్టు అంగీకరించలేదు. ఆ పిటిషనర్లలో హైదరాబాద్‌కు చెందిన జంట కూడా ఉంది. ఇదంతా గుడి ముందు నిలబడి చెప్పమని నేను అడగడం లేదు. పురాణంలో ఉన్నంత మాత్రాన ఊళ్లో అంతా బాగున్నట్టు చెప్పకుండా, ఊళ్లో బాగాలేదు కాబట్టి పురాణంలో లేనట్టు నటించకుండా ఉంటే చాలు.

మొత్తంగా చూస్తే, ప్రయాణ సదుపాయాలకు అయిదింటికి నాలుగు, వివరణకు ఒకటి ఇస్తాను. వృద్ధులతో వెళ్లేవారికి, వాహనం మాత్రమే కావలసినవారికి ఈ యాత్ర సరిపోతుంది. కథ కోసం వెళ్లేవారు ముందే ఫోన్ చేసి, మార్గదర్శి అష్టమస్కంధంలోని మోహినీ ఘట్టాన్ని పూర్తిగా చెబుతారో లేదో అడిగి తెలుసుకోవడం మంచిది. కుటుంబంలో ట్రాన్స్‌జెండర్ లేదా క్వీర్ (స్త్రీ పురుషుల మామూలు మూసలో ఇమడని) వ్యక్తులు ఉన్నవారికి ప్రస్తుత పరిస్థితిలో ఈ సేవను నేను సిఫారసు చేయలేను. వారు రావులపాలెం వరకు బస్సులో వచ్చి అక్కడి నుంచి ఆటోలో ర్యాలికి చేరుకోవచ్చు, దూరం పెద్దగా లేదు. రద్దీ తక్కువగా ఉండే ఉదయం వేళ వెళ్లి, విగ్రహాన్ని రెండు వైపులా చూపించమని అర్చకులను అడగండి.