చైనీస్ వైద్యం చదువు: కాలిఫోర్నియాలో ఆక్యుపంక్చర్ కాలేజీ, నాలుగున్నరేళ్ల అనుభవం

లైసెన్స్ చేతికొచ్చి మూడేళ్లు దాటింది. అంతకుముందు కాలేజీలో నాలుగున్నరేళ్లు. బే ఏరియాలో ఏ తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్లినా ఎవరో ఒకరు, ముఖ్యంగా భర్త ఉద్యోగ వీసాకి తోడుగా ఇచ్చే హెచ్4 వీసా మీద వచ్చి ఇంట్లో ఉంటున్న అమ్మాయిలు, పక్కకి పిలిచి అడుగుతారు: "అక్కా, ఆ ఆక్యుపంక్చర్ కాలేజీలో చేరొచ్చా?" చేతిలో కంచం పట్టుకుని రెండు మాటల్లో చెప్పే జవాబు కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కాలేజీ పేరు మాత్రం చెప్పను. వేరే కాలేజీల్లో చదివిన స్నేహితులు కూడా దాదాపు ఇవే చెబుతున్నారు.

నేను గుంటూరులో బీఫార్మసీ చదివాను. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఆరేళ్లు ఖాళీగా ఉన్నాను. 2017 జనవరిలో ఈ మాస్టర్స్‌లో చేరాను. మన డిగ్రీని ఇవాల్యుయేషన్ చేయించి ఇస్తే సీటు తేలిగ్గానే వచ్చింది. కష్టమల్లా ఆ తర్వాతే. కాలిఫోర్నియా లైసెన్స్ కావాలంటే 3,000 గంటల చదువు ఉండాలి. అందులో 2,050 గంటలు తరగతి గది, 950 గంటలు క్లినిక్. "నాలుగు సూదులు గుచ్చడానికి అంత చదువా?" అని మావారి ఆఫీసులో ఒకాయన అడిగారు. మొదటి టర్మ్ అయ్యేలోపే నాకు ఆ జవాబు తెలిసిపోయింది.

ఒంటి మీద సూది పెట్టే పాయింట్లు 361. ప్రతిదానికీ చైనీస్ పేరు, నంబరు, ఎంత లోతు, ఏ కోణం, ఎవరికి పెట్టకూడదు అన్నవి కంఠతా రావాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే హెగు గర్భిణులకి వద్దు. భుజం మీద జియాన్‌జింగ్ పాయింట్‌లో సూది నిటారుగా లోతుకి దిగితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది. ఇవి మార్కుల కోసం చదివే విషయాలు కావు.

పాయింట్లు చెప్పిన మేడమ్ చైనాలో ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చిన పెద్దావిడ. మొదటి రోజు నేను స్కేలు తీస్తే దాన్ని నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టేశారు. ఈ వైద్యంలో కొలత 'చున్'. అది పేషెంటు బొటనవేలి వెడల్పు, మన వేలిది కాదు. మూడు చున్‌లంటే వాళ్ల నాలుగు వేళ్లు. అంటే మన బెత్తెడు! మా నాయనమ్మ నోట తప్ప ఎక్కడా వినని ఆ కొలత మళ్లీ కాలిఫోర్నియాలో ఎదురైంది. మోకాలిచిప్ప కింద బయటివైపు ఉండే గుంట నుంచి బెత్తెడు కిందకి, మోకాలి కింద ముందువైపు ఉండే పెద్ద ఎముక అంచు నుంచి వేలి వెడల్పంత బయటి పక్కకి జరిగితే జుసాన్లీ వస్తుంది. నేను మొదటి సూది పెట్టింది నా కాలికే, అక్కడే. పావు మిల్లీమీటరు మందం సూది, దానికంటే కాస్త పొట్టిగా ఉండే ప్లాస్టిక్ గొట్టం. గొట్టాన్ని చర్మానికి ఆనించి పైన వేలితో టక్కున తట్టాలి. చీమ కుట్టినంత కూడా తెలియలేదు. గొట్టం తీసి నెమ్మదిగా లోపలికి పంపుతుంటే ఒకచోట సూది బరువెక్కింది. పిక్క మీదుగా పాదం దాకా ఒక మొద్దు లాగుడు. మేడమ్ నా ముఖమే చూస్తున్నారు. "చేప గాలం పట్టుకుంది కదూ?" అన్నారు. సరిగ్గా అలాగే ఉంది.

మూలికల క్లాసు నాకు పుట్టింటికెళ్లినట్టు ఉండేది. గోడ పొడుగునా చిన్న చిన్న చెక్క సొరుగులు. ఏ సొరుగు లాగినా ఒక వాసన. జియాంగ్ హువాంగ్ అని ఇచ్చింది చూస్తే మన పసుపు. దాన్ని భుజం నొప్పుల మందులో వేస్తారు. షియాంగ్ ఫు అంటే తుంగముస్తలు, నెలసరి నొప్పికి. హె జి అంటే కరక్కాయ, బొంగురు గొంతుకి. గొంతు పట్టేస్తే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం మన ఇళ్లలో ఎవరికి తెలియదు! కాల్చి పాయింట్ల దగ్గర వేడి పట్టించే మోక్సా అనే ఆకు కూడా వినాయక చవితి పత్రిలో మొదట పెట్టే మాచిపత్రి జాతిదే. జలుబు జ్వరానికి ఇచ్చే గుయ్ జి తాంగ్ అనే కషాయంలో ఐదు సరుకులుంటాయి. దాల్చిన జాతి చెట్టు కొమ్మలు, అల్లం, ఎండు రేగుపళ్లు, అతిమధురం, తెల్ల పియొనీ వేరు. అది తాగాక వేడి గంజి తాగి, దుప్పటి కప్పుకుని కొంచెం చెమట పట్టనివ్వమని పాతకాలం నుంచీ చెబుతున్నారు. నోట్సులో ఆ వాక్యం రాసుకుంటూ ఉంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అమ్మమ్మ చేసింది అచ్చం అదే.

అలాగని మూలిక కాబట్టి హాని చేయదని అనుకునేవాళ్లు ఈ కోర్సు జోలికి రావద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన మందులో ఒక చైనా మూలికకి బదులు పేరు దగ్గరగా ఉన్న ఇంకోటి పడింది. అందులోని అరిస్టోలోకిక్ ఆసిడ్ వల్ల ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పోయాయి. మా సార్ ఒక పూట క్లాసంతా ఈ ఒక్క విషయమే చెప్పారు. ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

సిద్ధాంతం దగ్గర మాత్రం మొదటి రెండేళ్లు లోపల గొడవ పడుతూనే ఉన్నాను. నాడి పట్టుకుని ఎడమ మణికట్టులో గుండె, కాలేయం, మూత్రపిండం అనడం ఫార్మసీ చదివిన బుర్రకి ఎక్కలేదు. నాడి చూడటం ఒంటబట్టడానికి మూడేళ్లు పట్టింది. తీగలా బిగిసిన నాడి, పళ్లెంలో ముత్యాలు దొర్లినట్టు జారే నాడి, ఈ తేడాలు వేళ్లకి నిజంగానే తెలుస్తాయి. ఆ తేడాకి వాళ్లు చెప్పే అర్థం అంతా నిజమా అంటే, అన్నీ ఒప్పుకోలేను. పరిశోధనల గురించి కాలేజీ ఇంకా గట్టిగా చెప్పాల్సింది. ఆపరేషన్ తర్వాత, కీమోథెరపీ తర్వాత వచ్చే వికారానికి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని 1997లోనే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నిపుణుల బృందం చెప్పింది. దీర్ఘకాలం ఉండే నొప్పులకి కూడా ఆధారాలున్నాయి. కానీ ఉత్తుత్తి సూదులతో పోల్చి చూసిన చాలా ట్రయల్స్‌లో తేడా కొంచెమే కనిపిస్తుంది. దీన్ని క్లాసులో అడిగితే ఒకరిద్దరు నొచ్చుకున్నారు. పేషెంట్లు మాత్రం రోజూ అడుగుతారు. జవాబు మన దగ్గర ఉండాలి.

ఈ చదువులో డబ్బుకి తగ్గ విలువ ఉన్నది క్లినిక్‌లో. మొదట సీనియర్ల పక్కన నిలబడి చూడటం, తర్వాత సూపర్‌వైజర్ కళ్ల ముందు మనమే పేషెంటుని చూడటం. విద్యార్థుల క్లినిక్ కాబట్టి ఫీజు తక్కువ. ట్రక్కు నడిపేవాళ్లు, ఇళ్లు శుభ్రం చేసే ఆడవాళ్లు, బీమా లేని ముసలివాళ్లు వచ్చేవాళ్లు. గంటసేపు ఒక మనిషి చెప్పేది వినడం అంతకుముందు నా జీవితంలో ఎప్పుడూ చేయలేదు.

అక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నిద్ర పట్టని ఒకావిడకి 14 సూదులు పెట్టాను, చార్టులో 14 అని రాశాను కూడా. అరగంట తర్వాత తీస్తే డబ్బాలో పడ్డవి 13. ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. చేతులు చల్లబడిపోయాయి. మంచం మీద దుప్పటి దులిపాను, నేల మీద వెతికాను. సూపర్‌వైజర్ లోపలికొచ్చి, ఆవిడని మళ్లీ కూర్చోబెట్టి, నడినెత్తిన జుట్టు పాయ తీశారు. బైహుయీ దగ్గర, నెరిసిన వెంట్రుకల మధ్య వెండిలా మెరుస్తూ ఉంది ఆ పద్నాలుగోది. ఆయన కేకలేయలేదు. "జుట్టులో పెట్టినవి ముందు తీయి" అన్నారు, అంతే. ఆవిడకి విషయం చెప్పి క్షమాపణ అడిగించారు. ఈ రోజుకీ మొదట చేయి పెట్టేది పేషెంటు తల మీదే.

అలాంటి సూపర్‌వైజర్లు ఉన్న కాలేజీలోనే ఆఫీసు వ్యవహారం మాత్రం చాలా బాధపెట్టింది. 2020 మార్చిలో కోవిడ్‌తో క్లినిక్ మూశారు. అది ఎవరి తప్పూ కాదు. తెరిచాక మంచాలు సగం చేశారు, అదీ అర్థం చేసుకున్నాం. కానీ షిఫ్టులు లేవని తెలిసి కూడా కొత్తవాళ్లని చేర్చుకుంటూ పోయారు. క్లినిక్ గంటలు నిండక మా బ్యాచ్‌లో చాలామంది రెండు టర్మ్‌లు ఆలస్యమయ్యారు. ఆ టర్మ్‌లకి రిజిస్ట్రేషన్ ఫీజు, క్లినిక్ ఫీజు మళ్లీ కట్టాం. ఎన్ని ఈమెయిల్స్ పంపినా ఒకటే జవాబు: "పరిశీలిస్తున్నాం." నేను హెచ్4 కాబట్టి ఫెడరల్ లోన్ రాదు. అంతా మా జేబులోంచే. పుస్తకాలు, పరీక్షలు కలిపి 68 వేల డాలర్లు దాటింది. ఆఖరి టర్మ్ ఫీజుకి తెనాలిలో నాన్నగారు ఇచ్చిన స్థలం అమ్మాం.

ఇంక సంపాదన. ఇది ఎవరూ ముందు చెప్పరు, బ్రోషర్లలో అసలే ఉండదు. ఉద్యోగాలు తక్కువ, ఎక్కువమంది సొంతంగా గది అద్దెకి తీసుకుని మొదలుపెట్టాల్సిందే. వ్యాపారం ఎలా నడపాలో మాకు నేర్పింది ఒక్క చిన్న కోర్సులో. 2020 జనవరి నుంచి మెడికేర్, అంటే ముఖ్యంగా పెద్దవయసువాళ్లకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, దీర్ఘకాల నడుము నొప్పికి ఆక్యుపంక్చర్ కవర్ చేస్తోంది, 90 రోజుల్లో 12 సార్లు, గుణం కనిపిస్తే ఇంకో 8. అది విని చాలా సంతోషించాం. తీరా చూస్తే మాలాంటి లైసెన్స్ ఉన్నవాళ్లు మెడికేర్‌కి నేరుగా బిల్లు పంపడానికి వీల్లేదు. మొదటి ఏడాది గది అద్దె పోగా నాకు మిగిలింది పెద్దగా ఏమీ లేదు. మూడో ఏటికి వారానికి పాతిక మంది దాకా వస్తున్నారు, ఇప్పుడు ఇల్లు గడవడానికి నా వంతు ఇవ్వగలుగుతున్నాను. హెచ్4 వాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: చదవడానికి అనుమతి ఉంది, పనిచేయడానికి ఈఏడీ అనే వర్క్ పర్మిట్ కావాలి. అది లేకుండా లైసెన్స్ గోడకి తగిలించుకోవడమే.

మా అత్తయ్యగారు వచ్చినప్పుడు నేను మూడో ఏడు. మోకాళ్ల నొప్పి ఆవిడకి. "ఇంట్లో కోడలు ఇదే చదువుతుంటే బయటికి ఎందుకమ్మా, రెండు సూదులు నువ్వే పెట్టు" అన్నారు. సూపర్‌వైజర్ లేకుండా విద్యార్థి ఇంట్లో సూది పెడితే చట్టవిరుద్ధం. నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది. చివరికి క్లినిక్‌కి తీసుకెళ్లాను. ఎనిమిది వారాలు వచ్చారు. ఆరో వారం కాలేజీ మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా దిగి, కింద నిలబడి వెనక్కి తిరిగి నన్ను చూశారు. సూదులేనా, వారం వారం ఒకరు చేయి పట్టుకుని అడగడమా, ఏది ఎంత పనిచేసిందో నేను విడదీసి చెప్పలేను.

చేరాలనుకుంటే ముందు కాలిఫోర్నియా ఆక్యుపంక్చర్ బోర్డు సైట్‌లో కాలేజీలవారీగా లైసెన్స్ పరీక్ష ఫలితాలు పెడతారు, అవి చూడండి. మొదటిసారి రాసినవాళ్లలో ఎంతమంది పాసయ్యారన్న వరుస వేరుగా చదవండి. క్లినిక్ షిఫ్టులు దొరక్కపోతే ఫీజు ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా అడగండి. కాలేజీ ఆర్థిక స్థితి గురించి కూడా మొహమాటపడకుండా అడగండి. పోర్ట్‌లాండ్‌లో పేరున్న ఓరెగాన్ కాలేజ్ ఆఫ్ ఓరియెంటల్ మెడిసిన్ లాంటిదే 2024లో మూతపడింది.

అన్నిటికంటే ముందు, ఆ కాలేజీ విద్యార్థుల క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని మూడుసార్లు పేషెంటుగా వెళ్లండి. సూపర్‌వైజర్ గదిలోకి వచ్చి తన చేత్తో నాడి చూస్తున్నారా, గుమ్మం దగ్గరే తలూపి వెళ్లిపోతున్నారా గమనించండి. పక్క మంచాలు నిండి ఉన్నాయా, ఖాళీయా చూడండి. లేచేటప్పుడు మీ సూదులు ఎవరైనా లెక్కపెట్టారో లేదో చూసుకోండి.