సర్కారు ఐటీఐకి మూడున్నర స్టార్లు, దాన్ని తనిఖీ చేసేవాళ్లకు ఒకటి

మా అక్క కొడుకు ఓ జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ (లోహపు ముక్కల్ని కొలతకి రుద్ది అమర్చే పని) చేశాడు, 2022లో చేరి 2024లో బయటికొచ్చాడు. కాలేజీ పేరు రాయను. అక్కడి సార్లలో ఇద్దరు ముగ్గురు నిజంగా మంచివాళ్లు, నా రాతల వల్ల వాళ్లకు మెమో వస్తే నాకు నిద్ర పట్టదు. పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి "పిల్లోణ్ని ఐటీఐలో వేయమంటావా" అని అడుగుతారు, ఒక్కొక్కరికి అరగంట చెప్పే ఓపిక లేక అంతా ఇక్కడ రాసి పెడుతున్నా.

నేనూ ఫిట్టర్‌నే. 1996-98 బ్యాచ్, వేరే ఊళ్లో వేరే సర్కారు ఐటీఐ. ఇప్పుడు బాలానగర్‌లో రెండు లేతులు (ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్లు), ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక వెల్డింగ్ సెట్టు పెట్టుకుని చిన్న షెడ్డు నడుపుతున్నా. అందుకని ఐటీఐ అంటే అభిమానమూ ఉంది, తిన్నగా నడవట్లేదన్న కడుపుమంటా ఉంది. రెండూ కనిపిస్తాయి, సర్దుకోండి.

ముందు బాగున్నవి చెప్తా. ఫీజు ప్రైవేటుతో పోలిస్తే లెక్కలోకే రాదు. సర్టిఫికెట్ కేంద్రం పేరు మీద వస్తుంది, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి అప్లై చేయాలన్నా సింగరేణిలో అప్రెంటిస్‌గా చేరాలన్నా ఆ కాగితం పనికొస్తుంది. ఇక ఫైలింగ్. ఫిట్టర్‌కి మొదట్లో వారాల తరబడి ఇదే పని, ఇనుప పట్టీ ముక్క వైస్‌లో బిగించి ఆకురాయితో రుద్దడం. చూసేవాళ్లకి వెట్టిచాకిరీలా ఉంటుంది. మావాడు రెండో వారం ఫోన్ చేసి "మామా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా రుద్దుడే, అరచేతులు బొబ్బలెక్కినయ్" అని ఒకటే గోల. ఆ ముక్క మీద ట్రై స్క్వేర్ (మూలమట్టం సరిచూసే పరికరం) ఆనించి వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అంచు కింద నుంచి సన్నగా వెలుగు కారకూడదు, కారిందంటే మళ్లీ రుద్దాల్సిందే. వాళ్ల సార్ మావాడి ముక్కని పదకొండు సార్లు వెనక్కి పంపాడట. అలాంటి సార్ దొరకడం అదృష్టంరా అన్నాను, వాడికి అప్పుడు అర్థం కాలేదు. మూడున్నర స్టార్లలో రెండు ఆయనవే.

ఇక అసలు సంగతికొస్తా, తనిఖీలు.

మొదటి ఏడాది చలికాలంలో పైనుంచి ఇన్‌స్పెక్షన్ టీమ్ వస్తుందని కబురొచ్చింది. వారం ముందే క్లాసులు ఆపి పిల్లలతో వర్క్‌షాప్ కడిగించారు. మిషన్ల చుట్టూ నేల మీద పసుపు గీతలు గీయించారు, సేఫ్టీ చార్టులు కొత్తవి అతికించారు. ముందురోజు సాయంత్రం బీరువా తాళం తీశారు. ఆ రాత్రి మావాడు ఫోన్‌లో, "మామా, మా దగ్గర ఇన్ని సామాన్లు ఉన్నయా! వెర్నియర్లు డబ్బాలల్ల కొత్తగ మెరుస్తున్నయ్, మైక్రోమీటర్లు ఉన్నయ్, డయల్ గేజ్ కూడ ఉంది" అంటున్నాడు. అన్నీ సన్నటి కొలతలు తీసే పరికరాలు. వాడు చేరి అప్పటికి నాలుగు నెలలు దాటింది. ఫిట్టర్ కుర్రాడు నాలుగు నెలల తర్వాత మైక్రోమీటర్‌ని చూసి సంబరపడుతున్నాడంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు టీమ్ వచ్చింది. లేత్ ఆన్ చేసి చూపించారు, ముక్కని బిగించే చక్‌లో ముక్కే లేదు, ఉత్తదే గిర్రున తిరుగుతోంది. వచ్చినవాళ్లు హాజరు రిజిస్టర్, స్టాక్ రిజిస్టర్, పిల్లల ప్రాక్టికల్ రికార్డులు చూశారు, రికార్డుల్లో సంతకాలు వరసగా ఉన్నాయా లేదా అని పేజీలు తిప్పారు, ప్రిన్సిపాల్ గదిలో టీ తాగారు, ఫొటో దిగారు, వెళ్లిపోయారు. ఏ పిల్లాడినీ పిలిచి "ఇదిగో, దీన్ని కొలువు" అనలేదు. మూడో రోజుకి సామాన్లు మళ్లీ బీరువాలోకి, తాళం చెవి సార్ జేబులోకి.

నేను మొదట సార్‌నే తిట్టుకున్నా. తర్వాత ఓసారి ఆ ఊరు వెళ్లినప్పుడు కలిసి నేనూ ఐటీఐనే సార్ అని చెప్పుకున్నాక ఆయన మనసు విప్పాడు. సామానంతా డెడ్ స్టాక్ రిజిస్టర్‌లో, అంటే శాశ్వత సామాను లెక్కల పుస్తకంలో, ఆయన పేరు మీద ఉంటుంది. పిల్లాడి చేతిలోంచి మైక్రోమీటర్ జారి పడి పాడైతే దాన్ని కండెమ్ చేయించాలి, అంటే పనికిరాదని రాయించి లెక్కలోంచి తీయించాలి, దానికి ఫైలు కదలాలి, కమిటీ కూర్చోవాలి, అది ఏళ్లు పట్టినా పట్టొచ్చు. పోతే మాత్రం రికవరీ ఆయన జీతంలోంచే. రిటైరయ్యే రోజున లెక్కలో ఒక్క వస్తువు తక్కువైనా నో డ్యూస్ (బాకీ లేదన్న కాగితం) రాదు, పెన్షన్ కాగితాలు ఆగుతాయి. ఆయన అన్న మాట ఇది: "వాడితే అరిగితే నన్ను అడుగుతారు బాబూ, వాడకపోతే నన్ను అడిగే నాథుడు లేడు." అంటే పిల్లల చేతికి సామాను అందకుండా చేస్తున్నది తనిఖీలు లేకపోవడం కాదు, ఉన్న తనిఖీలే. డబ్బాలో మెరిసే వెర్నియర్ ఆడిట్‌లో పాసవుతుంది, పిల్లల చేతుల్లో అరిగినది ఫెయిలవుతుంది. మా షెడ్డులో నా వెర్నియర్ మీద అంకెలు సగం చెరిగిపోయాయి, దాన్ని చూస్తే ఆ ఆడిటర్ నా మీద కేసు పెట్టేవాడేమో.

పైన చూసేవాళ్లు తక్కువేం లేరు. ఐటీఐ చదువు 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ కింద నడుస్తుంది. సిలబస్సు, అఫిలియేషన్ (కాలేజీకి గుర్తింపు), పరీక్ష కేంద్రంలోని డీజీటీవి, అంటే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్‌వి. ఆ డీజీటీ 2015 దాకా కార్మిక శాఖలో ఉండేది, ఆ ఏడాది స్కిల్ డెవలప్‌మెంట్ శాఖ కిందకి మారింది. 1956 నుంచి ఎన్‌సీవీటీ అని వృత్తి శిక్షణ జాతీయ మండలి ఉండేది, దాని స్థానంలో ఎన్‌సీవీఈటీ అని నియంత్రణ సంస్థ పెడుతున్నట్టు 2018 డిసెంబర్‌లో గెజిట్ వచ్చింది. జీతాలు, పోస్టింగులు, బిల్డింగు రాష్ట్రంలోని ఉపాధి, శిక్షణ శాఖవి. మధ్యలో ఆర్డీడీ (రీజినల్ డిప్యూటీ డైరెక్టర్) ఆఫీసు. ఇంతమంది పెద్దలున్న ఇంట్లో బిడ్డ అన్నం తిన్నాడా లేదా అని అడిగేవాళ్లు కరువయ్యారు, ఎవరికి వాళ్లు ఇంకొకరు అడిగి ఉంటార్లే అనుకుంటున్నారు. మావాడి యూనిట్‌లో, అంటే బ్యాచ్‌లో, 20 మంది, ఒక దశలో ఒకే సార్ రెండు యూనిట్లు చూశాడు, రెండో పోస్టు ఖాళీ. ఆ ఖాళీ ప్రతి రిపోర్టులోనూ రాసి ఉంటుంది, నింపాల్సింది మాత్రం రిపోర్టు రాసేవాళ్లు కాదు.

హాజరు విషయంలో మాత్రం మహా గట్టి. పరీక్షకి 80 శాతం ఉండాలి, వేలిముద్ర పడకపోతే అంతే సంగతులు. పిల్లాడు వచ్చాడా అన్నది మిషన్‌కి తెలుసు, వచ్చి ఏం చేశాడన్నది ఎవరికీ తెలియదు. థియరీ పరీక్ష ఇప్పుడు కంప్యూటర్ మీద రాయాలి, 33 శాతానికి పాస్. ప్రాక్టికల్‌కి 60 శాతం రావాలి, కాగితం మీద అది గట్టి రూలే. మార్కులు వేసే రోజు ఎంత గట్టిగా ఉంటుందో ఐటీఐ చేసిన ఎవరినైనా అడగండి, నేను మాత్రం నోరు విప్పను.

డీజీటీ వాళ్ల గ్రేడింగ్ కూడా ఉంది, కాలేజీ ముందు తన వివరాలు తానే అప్‌లోడ్ చేస్తే తర్వాత వచ్చి సరిచూసి స్కోరు ఇస్తారు. చేర్పించే ముందు నేనూ ఆ అంకె చూశా. అది అబద్ధమని అనను, కానీ మిషన్ ఉందా అన్నదానికి జవాబు దొరికింది గానీ పిల్లలు దాని మీద పనిచేస్తున్నారా అన్నదానికి దొరకలేదు.

ఇది చదివి "అయితే ప్రైవేటే మేలు" అనుకునేవాళ్లుంటే ఆగండి. దేశంలో దాదాపు 15 వేల ఐటీఐలుంటే ప్రభుత్వానివి ఐదో వంతు చిల్లర, మిగతావన్నీ ప్రైవేటువే. 2012 నుంచి కొన్నేళ్లపాటు అక్రెడిటేషన్ (ప్రమాణాలు చూసి గుర్తింపు ఇచ్చే) పని క్యూసీఐకి, అంటే క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి, అప్పగించినప్పుడు ప్రైవేటువి పుట్టగొడుగుల్లా వేలల్లో లేచాయి, తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘమే దాన్ని తప్పుబట్టింది. నా దగ్గరికి పని కోసం వచ్చేవాళ్లకి ఒక షాఫ్ట్ ముక్క, వెర్నియర్ ఇచ్చి కొలత చెప్పమంటా. సర్కారు ఐటీఐ కుర్రాళ్లు తడబడతారు, ఆలస్యంగా చెప్తారు. కొన్ని ప్రైవేటు చోట్ల నుంచి వచ్చినవాళ్లకి వెర్నియర్ ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలియదు, ఒకడైతే పరీక్షలప్పుడే కాలేజీ చూశానని నవ్వుతూ చెప్పాడు. బీరువాలో ఉన్నా సరే, సామాను అంటూ ఉన్న చోటే నయం.

ఇప్పుడు కొత్త కథ నడుస్తోంది. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మార్చే పని పెట్టుకున్నారు, ప్రాజెక్టు విలువ రూ.2,324 కోట్లు, 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన చేశారు. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్లు), రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ లాంటి ట్రేడ్లు వచ్చాయి, సంతోషమే, నా షెడ్డుకే సీఎన్‌సీ కొనే స్తోమత లేదు. కేంద్రం పీఎం సేతు పేరుతో రూ.60 వేల కోట్ల స్కీమ్ తెచ్చింది, 1,000 ప్రభుత్వ ఐటీఐలకు, పరిశ్రమల వాళ్లు ముందుండి నడిపే పద్ధతిలో. నా భయమల్లా ఒకటే. వెయ్యి రూపాయల మైక్రోమీటర్‌కే జీతం కోస్తారని బీరువాకి తాళం వేసినవాళ్లు లక్షల మిషన్‌ని పిల్లల చేతికి ఇస్తారా? టూల్ ఒకటి విరిగితే ఎవరిదో ముందే తేల్చకపోతే దానికీ ప్లాస్టిక్ కవరే గతి.

నన్నడిగితే తనిఖీకి చెప్పకుండా రావాలి. రిజిస్టర్ జోలికి పోకుండా వరసలో ఏడో పిల్లాణ్ని పిలిచి ముక్క ఇచ్చి కొలవమనాలి. ఏడాదికి ఇన్ని సామాన్లు అరిగిపోవచ్చు, విరిగిపోవచ్చు అని ముందే లెక్క కట్టి సార్ నెత్తిన భారం తీసేయాలి. అరగని చోట ఎందుకు అరగలేదని మెమో ఇవ్వాలి, అప్పుడు చూద్దాం బీరువాకి తాళం ఎలా పడుతుందో.

చేర్పించే తల్లిదండ్రులకి ఒక చిట్కా. అడ్మిషన్ రోజున కాదు, మామూలు రోజు మధ్యాహ్నం రెండింటప్పుడు వెళ్లి వర్క్‌షాప్‌లోకి తొంగి చూడండి. బెంచ్ వైస్ దవడలు చూడండి. పని జరిగే చోట అవి గీతలు పడి తెల్లగా మెరుస్తుంటాయి, జరగని చోట తుప్పు పట్టో, పెయింట్ చెక్కుచెదరకుండానో ఉంటాయి. ఆ గ్రేడింగ్ అంకె కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతా.

మావాడు పాసయ్యాడు, ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్. మైక్రోమీటర్ చదవడం దసరా సెలవుల్లో నా షెడ్డులో నేర్చుకున్నాడు. ముక్కని తిన్నగా రుద్దడం మాత్రం ఆ సార్ దగ్గరే నేర్చుకున్నాడు, అది నేను నేర్పగలిగేది కాదు, నాకంత ఓపిక లేదు.

అప్‌డేట్: ఆ సార్‌కి బదిలీ అయింది. కొత్తాయనకి చార్జ్ అప్పగించడానికి బీరువాలో సామాను ఒక్కొక్కటి లెక్కపెట్టి రాసుకోవడానికి తొమ్మిది రోజులు పట్టిందట. ఆ తొమ్మిది రోజులూ వర్క్‌షాప్ బంద్, పిల్లలు మాత్రం పొద్దున్నే వచ్చి వేలిముద్ర వేసి వెళ్లారు.